ఆగస్టు పంతొమ్మిదో పుట

"ఇంట్లో కూర్చుని పనిచేసేవాళ్లని పన్లోంచి తీసేస్తే ఎక్కడికి పంపిస్తారే?" అంది రాహేలమ్మ, వెల్లుల్లి ఒలుస్తూ.

అప్పటికి ఎవరూ ఎవరినీ తీసెయ్యలేదు. తీసెయ్యాలన్న ఆలోచన కూడా ఎవరికీ లేదు.

"ఎక్కడికీ పంపరమ్మా. ఇంట్లోనే ఉంటాం" అంది కూతురు హెప్సిబా, రాస్తున్న కాగితం మీంచి తలెత్తకుండా.

"మరి తీసేసినట్టు నలుగురికీ ఎట్టా తెలుస్తది?"

"తెలీదు."

"అదే నా భయం. మనక్కూడా తెలీకుండా తీసేస్తే?"

రాహేలమ్మ చదివింది ఐదో తరగతి. భయపడటంలో మాత్రం ఆవిడది పెద్ద చదువు. కుక్కరు విజిల్ ఆలస్యమైతే పేలిపోతుందని భయం, త్వరగా వస్తే వాషరు పోయిందని భయం. ఆదివారం ప్రసంగం పొడుగైతే అయ్యగారికి బీపీ పెరుగుతుందని భయం, పొట్టిదైతే ఇప్పటికే పెరిగిందేమోనని భయం. ఆవిడ భర్త దేవసహాయం మిషను ఆసుపత్రిలో కాంపౌండరు. పదకొండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం అన్నం తిని, కాసేపు నడుం వాలుస్తానని పడుకుని మరి లేవలేదు. ఆవిడ జీవితంలో ముందుగా భయపడని సంగతి అదొక్కటే. అప్పట్నించి ఆవిడ దేన్నీ వదిలిపెట్టలేదు. తాను ముందే భయపడి ఉంచితే ఆ పని జరగదని ఆవిడ లెక్క. పదకొండేళ్లుగా ఆ లెక్క తప్పలేదు కూడా.

ఒక్కసారి తప్పినంత పనైంది. హెప్సిబా పాఠాలు చెప్పే ప్రైవేటు బడి ఒక వేసవిలో మూసేసి మళ్లీ తెరవలేదు. నాలుగు నెలలు ఆ పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది. పిలిస్తే పలికేది కాదు, పెడితే తినేది కాదు. ఐదో నెలలో ఒకరోజు లేచి, కిటికీ పక్క బల్ల మీద దుమ్ము దులిపి, ఒక ధ్యానం రాసి పోస్టులో పంపింది. అది అచ్చయింది. అప్పట్నించి రాస్తూనే ఉంది. రాస్తూ రాస్తూ ఒక్కోసారి తనలో తాను నవ్వుకునేది. వంటింట్లోంచి ఆ నవ్వు విన్నప్పుడల్లా రాహేలమ్మ గరిటె ఆపి నిలబడేది. ఇంట్లో కూర్చుని చేసే ఈ ఉద్యోగం ఏమిటో ఆవిడకి సరిగ్గా అర్థం కాలేదు. అది పోతే పిల్ల మళ్లీ గోడవైపు తిరుగుతుందని మాత్రం బాగా అర్థమైంది.

ఆ అచ్చువేసేది గుంటూరులోని 'తొలిజాము సాహిత్య మండలి'. ఏడాదికొక పుస్తకం వేస్తారు. మూడువందల అరవై ఐదు పుటలు, పుటకొక తేదీ, తేదీకొక ధ్యానం. విశ్వాసుల ఇళ్లల్లో ఫ్రిజ్ మీదో, టీవీ పక్కనో ఉంటుంది. తెల్లారి లేవగానే ఆనాటి పుట చదువుకుని పనుల్లో పడతారు. వాటిని రాసేవాళ్లు ఊరికొకరు చొప్పున ఇరవైమంది, అందరూ ఇళ్లల్లో కూర్చునే రాస్తారు. జనవరిలో చదివే పుట అంతకుముందు వేసవిలోనే రాసి ఇచ్చేయాలి. లేకపోతే అచ్చుకి అందదు.

ఈ చిన్న సంగతి దగ్గరే అంతా మొదలైంది.

ఫిబ్రవరి ఇరవై ఒకటో పుట పేరు 'ఉపవాసములోని బలము'. రాసింది నరసరావుపేటలో ఉండే సత్యానందం మాస్టారు. సరిగ్గా ఆ రోజు సాయంత్రం ఐదింటికి ఆయన బస్టాండు ఎదురుగా మిరపకాయ బజ్జీ తింటూ ఒక పాఠకుడి కంటపడ్డాడు. ఆ పాఠకుడు ఇరవై ఏళ్లుగా 'తొలిజాము' తెప్పించుకుంటున్నవాడు. ఫోటో తీసి మండలికి పంపాడు. బజ్జీ సగం నోట్లో, సగం బయట, స్పష్టంగా ఉంది. ఆ పుట మాస్టారు రాసింది అంతకుముందు జూన్‌లో. జూన్‌లో ఆయన ఉపవాసం ఉన్నాడు కూడా. అయితే పుస్తకం మీద ఉన్నది ఫిబ్రవరి.

మండలి అత్యవసరంగా సమావేశమైంది. ఉపవాసం గురించి ఏడు గంటలు చర్చించి, మధ్యలో రెండుసార్లు భోంచేసి, ఒక నియమావళి తయారుచేసింది. అది మార్చి నెలలో హెప్సిబాకి అందింది. హెప్సిబా పైకి చదివింది:

"రచయిత తాను వ్రాసిన పుటను ఆ పుట తేదీనాడు ఉదయం ఆరు గంటల నుండి సాయంకాలం ఆరు గంటల వరకు జీవించవలెను. రచయితలు గృహమునందే పనిచేయుచున్నందున గృహమే కార్యాలయమనియు, ఇంటిల్లిపాదియు సిబ్బందియే అనియు భావింపబడును. ఇందు నిమిత్తము పర్యవేక్షకులు గృహములను దర్శింతురు. మూడు పుటలలో తప్పిన రచయిత పేరు జాబితానుండి ప్రార్థనాపూర్వకముగా తొలగింపబడును."

"ప్రార్థనాపూర్వకంగా అంటే?" అంది రాహేలమ్మ.

"తీసేసేముందు కళ్లు మూసుకుంటారు."

"చూశావా! నేను ముందే అన్లా?"

పర్యవేక్షకుడిగా రేపల్లెలో వీళ్లింటికి వచ్చినాయన పేరు నెహెమ్యా. ఆర్టీసీలో ముప్పై నాలుగేళ్లు చెకింగ్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. నీతిమంతుడు. టికెట్ లేదని సొంత బావమరిదిని దించేసిన మనిషి. వందనాలు చెబుతూనే గదిలో ఎంతమంది ఉన్నారో వేలితో లెక్కపెట్టేవాడు.

ఏప్రిల్‌లో 'ఆతిథ్యము' పుట వచ్చింది. నెహెమ్యా మరో నలుగురిని వెంటబెట్టుకుని పొద్దున్నే దిగాడు.

"వీళ్లెవరండీ అన్నయ్యగారూ?" అంది రాహేలమ్మ.

"అతిథులమ్మా. అతిథులు లేందే ఆతిథ్యం ఎట్టా చెక్ చేస్తాం? మండలే పంపింది."

ఆ పుట నెగ్గింది. నలుగురూ సాయంత్రం ఆరు దాటాక కూడా పరీక్షిస్తూనే ఉన్నారు.

జూన్‌లో 'ఉన్నదానితో తృప్తి' పుట పోయింది. మధ్యాహ్నం చారు పోసుకుంటూ రాహేలమ్మ, "ఇంకొంచెం చింతపండు పడుంటే బాగుండేది" అంది. నెహెమ్యా మండలి ఇచ్చిన గడుల కాగితం తీశాడు. 'అసంతృప్తి వ్యక్తమైనది. పులుపు విషయమై' అని రాసుకున్నాడు. 

"అన్నయ్యగారూ, నేను చారునన్నా, దేవుణ్ణి కాదు."

"నిజమేనమ్మా. కానీ గడిలో చారుకి వేరే చోటు లేదు" అన్నాడాయన బాధగానే.

జులైలో 'క్షమాపణ' పుటకి ముందే ఉత్తరం వచ్చింది. 'క్షమించుటకు నేరము అవసరము గనుక, మిమ్మును నొప్పించు నిమిత్తము మండలి సిబ్బందిలో ఒకరిని పంపుచున్నాము. సహకరింపగోరుచున్నాము.' వచ్చినాయన మండలి ఆఫీసులో గుమాస్తా, బక్కపల్చటి మనిషి. గుమ్మంలో చెప్పులు సరిగ్గా సర్ది, రెండు చేతులూ జోడించి, "మిమ్మల్ని ఏమనమంటారండీ?" అని అడిగాడు. రాహేలమ్మకి జాలేసి కాఫీ ఇచ్చింది. ఆయన కాఫీ తాగి, నెహెమ్యా వైపు చూసి, ధైర్యం తెచ్చుకుని, "మీ కాఫీ..." అన్నాడు.

"క్షమించేశాన్లే బాబూ" అంది రాహేలమ్మ, ఆ అవస్థ చూడలేక.

ఆ పుట కూడా పోయింది. నేరం పూర్తి కాకమునుపే క్షమించుట చెల్లదని నియమావళిలో ఉందట. గుమాస్తా వెళ్లిపోయాక మూడు రోజులు రాహేలమ్మకి తిండి సయించలేదు. కాఫీ గురించి ఏమనబోయాడో తెలీక.

మిగతా ఊళ్లల్లో పని ఇంకా జోరుగా ఉంది. బందరులో ఒకాయన చేప కడుపులో మూడు దినాలున్న ప్రవక్త గురించి రాశాడు. ఏ చేప, ఎక్కడ దొరుకుతుంది అని ఆయనకి నోటీసు వెళ్లింది. వచ్చే ఏడాది ఈస్టర్ పుట రాయడానికి 'మరణించి లేచిన అనుభవము గలవారు కావలెను' అని మండలి ప్రకటన వేసింది. ఒక్కటంటే ఒక్క దరఖాస్తు వచ్చింది. పంపినాయన రేషన్ కార్డులో పొరపాటున చనిపోయి, మూడేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగి, తాసీల్దారు సంతకంతో బతికాడు. మరణ ధ్రువపత్రం, జీవన ధ్రువపత్రం రెండూ జతపరిచాడు. ఆయనకి రాయడం రాదు. మండలి అది పెద్ద లోపంగా భావించలేదు.

ఆగస్టు మొదటివారంలో మరో ఉత్తరం వచ్చింది. చదివి హెప్సిబా కలానికి మూత పెట్టేసింది.

"ఎవరు పోయారే?" అంది రాహేలమ్మ.

"ఎవరూ పోలేదు. పంతొమ్మిదో తారీకు నాది ఒక పుట ఉంది. దానికి వస్తారట."

"ఏం పుట?"

"నిర్భయ జీవితము."

రాహేలమ్మ మంచం కోడు పట్టుకుని కూర్చుంది. పన్నెండు గంటలు. ఇంటిల్లిపాదీ. ఇంటిల్లిపాదీ అంటే తనే.

"నా తల్లీ, నన్ను ఎక్కడికన్నా పంపించెయ్యవే ఆ రోజుకి. తెనాల్లో మీ పిన్ని ఇంటికి పోతాను."

"కుదర్దమ్మా. ఇంట్లోవాళ్లు బయటికి పోతే ఆబ్సెంట్ వేస్తారు. అది కూడా తప్పినట్టే."

"ఇంకేమీ దొరకలేదా నీకు రాయడానికి? భయం గురించి రాయాల్సిన పనేంటే? దాని జోలికి పోతే అది మన జోలికి రాదూ?"

హెప్సిబా ఉత్తరం మడిచి పుస్తకంలో పెట్టింది. తర్వాత "గుంటూరు పోయి అడిగొద్దాం పద" అంది.

బస్సు తిరగబడితే ఇద్దరం కలిసే పోతామన్న ధైర్యంతో రాహేలమ్మ వెంట వెళ్లింది. మండలి అధ్యక్షులు రెవరెండ్ ఫిలేమోను ప్రకాశరావుగారు పెద్ద బల్ల వెనక కూర్చుని ఉన్నారు. బల్ల మీద ఇరవై ఏళ్ల 'తొలిజాము' పుస్తకాలు వరసగా ఉన్నాయి. పైన వేసిన ప్లాస్టిక్ కవర్లు ఎవరూ విప్పలేదు.

"అయ్యగారూ, ఆ పంతొమ్మిదో పుట మీరు చదివారా అండీ?" అంది హెప్సిబా.

"శీర్షిక చదివితిమి సహోదరీ."

"లోపలున్నది కూడా ఒకసారి చూస్తే..."

ఆయన చెయ్యెత్తారు, ఆశీర్వాదం ఇచ్చినట్టే. "మూడువందల అరవై ఐదు పుటలు. ఏడుగురము సభ్యులము. లోపలికి పోయినచో తీరము చేరగలమా? శీర్షికయే ప్రమాణమని మండలి ఏకగ్రీవముగా తీర్మానించియున్నది. లోపలి విషయము రచయితకును దేవునికిని మధ్యనుండును. మేమందు జోక్యము చేసికొనము."

"మా అమ్మ..." 

"నీ తల్లి నిమిత్తము ప్రార్థించుచున్నాము. అన్నట్టు, పంతొమ్మిదిన ఇక్కడ సదస్సు గలదు. 'గృహమునుండి వ్రాయుట: మెళకువలు.' రచయితలందరును తప్పక హాజరు కావలెను."

"అయ్యగారూ, అదే రోజు మా ఇంట్లో తనిఖీ కదండీ. నేను ఇక్కడుంటే..."

"తనిఖీ గృహమునకు గదా" అన్నారాయన ప్రసన్నంగా. "గృహము ఎటుల రాగలదు? అది అక్కడనే యుండును."

బయటికొచ్చాక రాహేలమ్మ అడిగింది. "ఇంట్లోంచి ఎట్టా పనిచేయాలో నేర్పడానికి ఇంట్లోంచి రమ్మంటన్నారా?"

"అవునమ్మా."

"ఇంతకీ లోపలేం రాశావే?"

హెప్సిబా ఎదురుగా వస్తున్న బస్సు బోర్డు చదువుతున్నట్టు నిలబడింది. "ఏం లేదులే. ఇంటికెళ్దాం పద" అంది. చెవులు ఎర్రబడ్డాయి ఆ పిల్లకి. ఫ్రిజ్ మీది పుస్తకం తెరిచి చూద్దామంటే రాహేలమ్మకి ధైర్యం చాల్లేదు. 

ఇంటికొచ్చాక ఉపాయం చెప్పింది. "నీకు భయం వేసినప్పుడల్లా నోటికొచ్చిందంతా అనకుండా 'స్తోత్రం' అనమ్మా. ఒక్కటే మాట. ఆయనకి భక్తిలాగే వినపడుతుంది."

రాహేలమ్మ వారం రోజులు సాధన చేసింది. ఆరు దాటేముందు అడిగితే చెప్పాల్సిన జవాబు కూడా బట్టీపట్టింది: "లేదండీ, దేవుని కృపవల్ల నిర్భయంగా ఉన్నాం." అబద్ధమాడడం ఆవిడకి అలవాటు లేదు. అందుకని పెరట్లో కోళ్లకి చెప్పి చూసుకుంది. కోళ్లు నమ్మినట్టే ఉన్నాయి.

పంతొమ్మిదిన తెల్లారేసరికి ఆకాశానికి చిల్లుపడ్డట్టు వాన. ఆరు గంటలకి నెహెమ్యా గొడుగు దులుపుకుంటూ వచ్చి, వరండాలో కుర్చీ వేసుకుని, వాచీ చూసి, అలవాటు చొప్పున "రైట్ రైట్" అన్నాడు.

ఆరున్నరకి హెప్సిబా బయల్దేరింది. రాహేలమ్మకి నూట ఎనభై మాటలు గొంతుదాకా వచ్చాయి. కిటికీ పక్క సీటులో కూర్చోకు. డ్రైవరు వెనక కూర్చోకు. చివర సీటులో అసలు కూర్చోకు. కాలవ గట్టు మీద బస్సు పోతున్నంతసేపూ తలుపు దగ్గరే ఉండు, తలుపు దగ్గర మాత్రం ఉండకు.

"స్తోత్రం" అంది.

హెప్సిబా వెనక్కి తిరిగి ఒకసారి చూసి, వానలో మలుపు తిరిగిపోయింది.

ఏడున్నరలోపు పద్నాలుగు స్తోత్రాలు అయ్యాయి. నెహెమ్యా గీతలు గీసుకుంటున్నాడు. "మంచి భక్తి అమ్మగారూ మీది" అన్నాడు మెచ్చుకోలుగా. రాహేలమ్మ కడిగిన గిన్నెలు మళ్లీ కడిగింది. మడతపెట్టిన చీరలు విప్పి మళ్లీ మడతపెట్టింది. రెండు కిలోల వెల్లుల్లి ఒలిచింది. ఆ ఇంట్లో ఆ ఏడాది మొత్తానికి అంత వెల్లుల్లి అక్కర్లేదు.

పదకొండింటికి పక్కింటి కృపమ్మ నెత్తిన సంచి కప్పుకుని పరిగెత్తుకొచ్చింది. "వదినా, విన్నావా? దారిలో కాలవ పొంగి రోడ్డెక్కిందంట! బస్సులు ఎక్కడివక్కడ ఆగిపోయినయ్యంట! పిల్ల గుంటూరు పోయిందన్నావుగా?"

నెహెమ్యా కలం తీశాడు.

"స్తోత్రం" అంది రాహేలమ్మ.

కృపమ్మ నోరు తెరుచుకుని చూసింది. "వదినా, నీ ఒంట్లో బాగుందా?"

"స్తోత్రం. పులిహోర చేశాను, పట్టుకుపో."

మధ్యాహ్నం నెహెమ్యాకి కూడా అదే పులిహోర పెట్టింది. ఆయన రెండో ముద్ద దగ్గర ఆగి, "అమ్మాయి ఫోను చేసిందా అమ్మగారూ?" అన్నాడు.

"సదస్సులో ఫోన్లు ఆపించేస్తారంట."

"ఆపించడమేంటి? ఇంత వానలో?" అన్నాడాయన. తర్వాత తను ఏ పనిమీద వచ్చాడో గుర్తొచ్చి మళ్లీ ముద్ద కలుపుకున్నాడు.

మూడింటికి ఆయన కుర్చీ వరండా అంచుకి జరిపాడు. మూడున్నరకి గేటు దాకా వెళ్లి వచ్చాడు. నాలుగింటికి చొక్కా తడిసేలా మలుపు దాకా వెళ్లి వచ్చాడు.

"సదస్సు ఒంటిగంటకే అయిపోవాలి అమ్మగారూ. అధ్యక్షులవారికి రెండింటికి నిద్ర. రెండింటికి బయల్దేరినా ఇప్పటికి రావాలి గదా."

రాహేలమ్మ పెదవులు బిగించి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

"ఆ కాలవ గట్టు మంచిది కాదు" అన్నాడాయన, వంటింటి గుమ్మం దాకా వెంట వచ్చి. "ముప్పై నాలుగేళ్లు ఆ రూట్లో తిరిగాను నేను. వానాకాలం వచ్చిందంటే మట్టి జారుద్ది. కొత్త డ్రైవర్లకి తెలీదు. లారీవాళ్లు సైడివ్వరు. అమ్మగారూ, ఆ పిల్లకి ఈతొచ్చా?"

"స్తోత్రం!" అంది రాహేలమ్మ. ఆ ఒక్క స్తోత్రానికి తట్టలోని చెంచాలు మోగాయి.

ఆయన ఫోను తీసి హెప్సిబా నంబరుకి చేశాడు. స్విచాఫ్. డిపోకి చేశాడు. ఎవరూ ఎత్తలేదు. పూర్వం తన కింద పనిచేసిన కండక్టరుకి చేసి, "ఏరా, ఏడ చచ్చారు మీరంతా?" అని అరిచాడు. చొక్కా బొత్తాం విప్పుకుని విసనకర్రతో విసురుకున్నాడు. నిర్భయ దినమున ఆ ఇంట్లో పైకి భయపడుతున్న ఏకైక వ్యక్తి పర్యవేక్షకుడు. ఆయన గురించి నియమావళిలో గడి లేదు.

ఐదున్నర దాటింది. ఆరులోపు కాగితం నింపి సంతకం చెయ్యాలి. నెహెమ్యా కళ్లజోడు తుడుచుకుని కూర్చున్నాడు. స్తోత్రములు: రెండువందల పద్నాలుగు. భయోక్తులు: లేవు. తర్వాత గడి 'పుట సారాంశము'. ఇదివరకు ఆ గడిలో శీర్షికే ఎక్కించేవాడు. అన్ని ఊళ్లనుంచీ అన్ని కాగితాలూ ఒకేలా వస్తున్నాయని పోయిన వారమే మండలి కొత్త షరతు పెట్టింది. పర్యవేక్షకుడు పుటను స్వయముగా చదివి, తన మాటల్లో రాయాలి.

ఆయన ఫ్రిజ్ మీదున్న పుస్తకం దింపి ఆగస్టు పంతొమ్మిదో పుట తెరిచాడు. మండలిలో అధ్యక్షులతో సహా ఎవరూ చదవని ఆ పుటని మండలి మనిషి ఒకడు చదవడం అదే మొదటిసారి. అందులో ఇలా ఉంది:

'నేను దేనికీ భయపడను. అది నా గొప్ప కాదు. మా ఇంట్లో నా వంతు భయం కూడా మా అమ్మే పడుతుంది. నేను గడప దాటింది మొదలు తిరిగి వచ్చేదాకా నాకు జరగగల కీడులన్నీ ఆమె ఒక్కొక్కటిగా మోసి పక్కన పెడుతుంది. నేను ఖాళీ చేతులతో వెళ్లి ఖాళీ చేతులతో వస్తాను. నా బదులు ఇంకొకరు మోశారు అని సిలువ గురించి చెప్పే మాట నాకు సండే స్కూల్లో అర్థం కాలేదు. మా గేటు దగ్గర నిలబడ్డ మా అమ్మని చూశాక అర్థమైంది. ఆమె భయపడటం మానేసిన రోజు నా ధైర్యం కూడా ఉండదు.'

నెహెమ్యా రెండుసార్లు చదివాడు. కాగితం వంక చూశాడు. 'భయోక్తులు: లేవు' అన్నచోట తను గీసిన అందమైన గీత కనిపించింది. రచయిత తాను వ్రాసిన పుటను జీవించవలెను. పుటలో అమ్మ భయపడుతోంది. ఈ ఇంట్లో అమ్మ పొద్దుట్నించి భయపడలేదు. అంటే మూడో పుట కూడా పోయినట్టే.

నోరు విప్పి చెబుదామా అంటే, జవాబును సూచించు పర్యవేక్షకుని తనిఖీ రద్దగును అని నియమావళి. బావమరిదిని దించేసిన మనిషి.

"అమ్మగారూ" అని పిలిచాడు. "ఒక ప్రశ్న అడగాలి. నిజం చెప్పండి. అబద్ధం మాత్రం చెప్పొద్దు."

రాహేలమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. టైము ఆరుకి ఎనిమిది నిమిషాలు.

"పొద్దుట్నించీ ఈ ఇంట్లో మీరు భయపడ్డారా?"

ఆవిడ బట్టీపట్టిన జవాబు నాలిక చివర సిద్ధంగా ఉంది. నోరు తెరిచింది. లేదండీ అన్న మాట రాలేదు. కోళ్ల దగ్గర వచ్చిన మాట ఈ తడిచొక్కా మనిషి దగ్గర రాలేదు. భయపడ్డానంటే పిల్ల ఉద్యోగం పోతుంది. పిల్ల గోడవైపు తిరుగుతుంది. భయపడలేదంటే, ఇంతసేపూ తను దేన్ని పట్టుకుని పిల్లని కాలవలో పడకుండా రోడ్డు మీద నిలబెట్టి ఉంచిందో దాన్ని కాదనడం. నోరు మూసుకుంది.

"అమ్మగారూ, తొందరేం లేదు" అన్నాడాయన, వాచీ చూసుకుంటూ. "కానీ టైము లేదు."

చూరునించి నీళ్లు కారుతున్నాయి. వంటింట్లో ఏదో పొంగి పొయ్యి మీద పడింది. ఆవిడ అటు తిరగలేదు. ఆరుకి ఐదు నిమిషాలు. నాలుగు.

వీధి మలుపులో ఆటో ఆగిన చప్పుడైంది. గేటు తీసుకుని హెప్సిబా వచ్చింది. గొడుగు లేదు, చెప్పులు చేతిలో ఉన్నాయి, మోకాళ్లదాకా బురద. సదస్సులో ఇచ్చిన ప్లాస్టిక్ సంచి నెత్తిన కప్పుకుని గుమ్మంలో నిలబడింది. నెహెమ్యా చేతిలో తెరిచి ఉన్న పుస్తకం చూసి, ఏ పుట తెరిచి ఉందో చూసి, ఒక్క అడుగు కూడా ముందుకు వెయ్యలేదు.

"మళ్లీ అడుగుతున్నాను అమ్మగారూ" అన్నాడు నెహెమ్యా. దాదాపు బతిమాలుతున్నాడు. "భయపడ్డారా, లేదా?"

రాహేలమ్మ కూతుర్ని నెత్తినించి పాదాల దాకా చూసింది. చేతులు లెక్కపెట్టింది, కాళ్లు లెక్కపెట్టింది. రెండు నిమిషాలున్నాయి. ఒక నిమిషముంది. అప్పుడు ఆవిడ నోరు తెరిచింది.

"పడ్డానా అంటారేంటి అన్నయ్యగారూ? ఏడింటికి బస్సు కాలవలో పడింది. ఎనిమిదింటికి దీన్ని గట్టుమీదికి తీశారు, ఈ ఆకుపచ్చ చున్నీని బట్టే పోల్చుకున్నాను. పదింటికి పెద్దాసుపత్రిలో కాగితాల మీద వేలిముద్ర వెయ్యమన్నారు, నాకు సంతకం వచ్చని చెప్పి సంతకమే పెట్టాను. పన్నెండింటికి ఇంటికి తెచ్చారు. మీరిక్కడ పులిహోర తింటన్నారే, అప్పుడు అయ్యగారు వాక్యం చెబుతున్నారు. ఏం పాట పాడాలో కృపమ్మకి నేనే చెప్పాను. నాలుగింటికి మట్టి చేసి అందరం వచ్చేశాం. నాలుగున్నరకి, ఆకలితో వస్తదని, బియ్యం కడిగి పెట్టాను."